థైరాయిడ్ క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని అనుమానమా? ఏ స్కాన్ ముందు, ఏది తర్వాత

ఆపరేషన్ అయింది, అవసరమైనవాళ్ళకు రేడియో అయోడిన్ (మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియోధార్మిక అయోడిన్ మందు) కూడా అయింది. ఏడాదికో రెండేళ్ళకో రక్తపరీక్షలో ఒక అంకె పెరుగుతుంది, లేదంటే మెడ పక్కన చిన్న బిళ్ళ చేతికి తగులుతుంది. ఇక సలహాలు మొదలవుతాయి. ఒకరు అల్ట్రాసౌండ్ చాలంటారు, ఒకరు అయోడిన్ స్కాన్ (కాస్త రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చి, అది ఒంట్లో ఎక్కడ చేరిందో చూసేది) రాస్తారు, బంధువుల్లో ఎవరో ఒకరు "ఒళ్ళంతా చూసే పెట్ స్కాన్ చేయించేస్తే పోలా" అంటారు. ఖరీదు ఎక్కువైతే ఎక్కువ కనిపెడుతుందన్న లెక్క ఈ జబ్బులో చెల్లదు. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే పాపిలరీ రకం చాలాసార్లు మెడలోని లింఫ్ గ్రంథుల్లోనే తిరగబెడుతుంది. అక్కడ చూడటానికి అన్నిటికన్నా చవకైన మెడ అల్ట్రాసౌండే మొదటి పరీక్ష. మిగతా స్కాన్లు దానికి అందని చోటు కోసం, లేదా అది చెప్పలేని జవాబు కోసం.

ఇక్కడ రాసింది ఎక్కువగా పాపిలరీ, ఫాలిక్యులర్ క్యాన్సర్ల గురించి. మెడులరీ దారి వేరు, దాని సంగతి విడిగా ఉంది.

స్కాన్ రాయించుకునే ముందు తేలాల్సినవి

మొదటిది, పాత బయాప్సీ రిపోర్టులో రాసిన రకం. పాపిలరీ, ఫాలిక్యులర్ కణాలకు అయోడిన్‌ను పీల్చుకునే గుణం మామూలుగా ఉంటుంది. ఆంకోసైటిక్ (పాత రిపోర్టుల్లో హర్త్‌ల్ సెల్ అని ఉంటుంది), పూర్లీ డిఫరెన్షియేటెడ్ (కణాలు థైరాయిడ్ పోలికను చాలావరకు పోగొట్టుకున్నవి) రకాల్లో అది తరచూ తగ్గిపోతుంది. మెడులరీకి అసలే ఉండదు.

రెండోది, థైరాయిడ్ మొత్తం తీశారా, సగమే తీశారా. సగం మిగిలి ఉంటే ఇచ్చిన అయోడిన్‌నంతా ఆ మిగిలిన గ్రంథే లాక్కుంటుంది. అప్పుడు అయోడిన్ స్కాన్ వల్ల ఒరిగేదేమీ లేదు.

మూడోది, థైరోగ్లోబులిన్. మామూలు థైరాయిడ్ కణాలూ ఈ క్యాన్సర్ కణాలూ మాత్రమే తయారుచేసే ప్రోటీన్ ఇది. గ్రంథి మొత్తం తీసి, రేడియో అయోడిన్ కూడా ఇచ్చాక రక్తంలో ఇది దాదాపు ఉండకూడదు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాల ప్రకారం, థైరాయిడ్ హార్మోన్ మాత్ర వేసుకుంటూ ఉండగా మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాముల లోపు ఉండి, స్కాన్‌లో ఏమీ లేకపోతే ఫలితం చాలా బాగున్నట్టు. 1 నానోగ్రాము, అంతకుమించి ఉండి స్కాన్‌లో ఏమీ కనపడకపోతే రక్తంలో మాత్రమే జబ్బు జాడ ఉన్నట్టు లెక్క. ఈ రెండింటి మధ్యది ఎటూ తేలని కోవ. ఒక్క రిపోర్టు చూసి కంగారుపడే ముందు అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో చేసిన పాత రిపోర్టులతో పోల్చాలి. ల్యాబ్ మారితే అంకె మారుతుంది.

థైరోగ్లోబులిన్‌తోపాటు రెండు పరీక్షలు తప్పనిసరి: టీఎస్‌హెచ్, యాంటీ థైరోగ్లోబులిన్ యాంటీబాడీ. మొదటిది థైరాయిడ్ కణాలను పనిచేయించే హార్మోన్, రెండోది థైరోగ్లోబులిన్‌కు అతుక్కునేలా ఒళ్ళు తయారుచేసే ప్రోటీన్. టీఎస్‌హెచ్ పెరిగితే థైరోగ్లోబులిన్ కూడా దానితోపాటు పెరుగుతుంది. ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి యాంటీబాడీ ఉంటుంది. అది ఉంటే మామూలు ల్యాబ్ పద్ధతిలో థైరోగ్లోబులిన్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఇంకో మోసం బయోటిన్‌ది. జుట్టు కోసం, గోళ్ళ కోసం వాడే మాత్రల్లో ఇది పెద్ద మోతాదులో ఉంటుంది, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరోగ్లోబులిన్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, మోతాదు ఎక్కువైతే ఇంకా ముందే.

నాలుగోది, మీ డాక్టరుకు కావాల్సిన జవాబు. జబ్బు ఉందా? ఎక్కడుంది? కత్తికి అందుతుందా? అయోడిన్ మందుకు లొంగుతుందా? ఈ నాలుగింటికీ జవాబిచ్చే స్కాన్ ఒక్కటీ లేదు.

| స్కాన్ | దేనికి మంచిది | ఎక్కడ తప్పిపోతుంది | ముందస్తు ఏర్పాటు | రేడియేషన్ |
|---|---|---|---|---|
| మెడ అల్ట్రాసౌండ్ | మెడ లింఫ్ గ్రంథులు, థైరాయిడ్ తీసిన చోటు | శ్వాసనాళం వెనక, ఛాతీ ఎముక కింద, ఊపిరితిత్తులు | ఏమీ లేదు | లేదు |
| అయోడిన్ స్కాన్ | అయోడిన్ పీల్చుకునే జబ్బు, ఒళ్ళంతా | అయోడిన్ పీల్చుకోని జబ్బు, మెడలో చిన్న గ్రంథులు | వారాల తరబడి | ఉంది |
| ఎఫ్‌డీజీ పెట్-సీటీ | అయోడిన్ పీల్చుకోని, దూకుడు మీదున్న జబ్బు | నెమ్మదిగా పెరిగే జబ్బు, అతి చిన్న మచ్చలు | 6 గంటల ఉపవాసం | ఎక్కువ |
| సీటీ | ఊపిరితిత్తుల మచ్చలు, శ్వాసనాళంలోకి పాకడం | మామూలు సైజులోనే ఉన్న జబ్బు గ్రంథి | కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి నరానికి ఎక్కించే మందు) అయితే క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) | ఉంది |
| ఎంఆర్ఐ | వెన్నెముక, మెదడు, కాలేయం, అన్నవాహిక చుట్టూ | ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చలు | ఒంట్లో లోహం, పేస్‌మేకర్ గురించి చెప్పాలి | లేదు |

మెడ అల్ట్రాసౌండ్: చేసే మనిషిని బట్టి ఫలితం

ఆపరేషన్ తర్వాత 6 నుంచి 12 నెలల్లో ఒకసారి, ఆ తర్వాత జబ్బు తిరగబెట్టే ప్రమాదస్థాయిని బట్టి చేస్తారు. ఖర్చు తక్కువ, నొప్పి లేదు, ఎన్నిసార్లయినా చేయొచ్చు. దీని బలహీనత మనిషిలో ఉంది. కడుపు స్కాన్ల మధ్యలో అయిదు నిమిషాల్లో ముగించే "నెక్ స్కాన్" ఈ పనికి చాలదు. హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్‌తో, మెడ మధ్య భాగంతోపాటు రెండు పక్కలా దవడ కింద నుంచి కాలర్ ఎముక దాకా చూడాలి. రిపోర్టులో మెడలోని ఏ భాగంలో (దాన్నే లెవల్ అంటారు) ఏ గ్రంథి ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలతలతో రాయాలి. "కొన్ని లింఫ్ గ్రంథులు ఉన్నాయి" అని మాత్రమే రాసిన రిపోర్టుతో డాక్టరు చేయగలిగింది ఏమీ లేదు. మళ్ళీ చేయించమంటారు, అంతే.

అనుమానించాల్సిన గుర్తులు: గ్రంథిలో సన్నటి సున్నపు చుక్కలు, నీటి తిత్తి లాంటి భాగం, అంచుల్లో రక్తప్రసరణ, చుట్టుపక్కల కండరం కన్నా తెల్లగా మెరిసే భాగం. గ్రంథి నడుమ ఉండే కొవ్వు గీత కనపడకపోవడం ఒక్కటే ఉంటే అది బలమైన గుర్తు కాదు. థైరాయిడ్ తీసిన చోట కనిపించే ప్రతి బుడిపా క్యాన్సర్ కాదు. కుట్టు దారం చుట్టూ ఏర్పడిన గట్టి కణజాలం కావచ్చు, పారాథైరాయిడ్ (థైరాయిడ్ వెనక ఉండే, కాల్షియాన్ని అదుపుచేసే చిన్న గ్రంథి) కావచ్చు, మిగిలిపోయిన థైరాయిడ్ ముక్క కావచ్చు.

అనుమానం ఉన్న గ్రంథి పొట్టి వైపు కొలత 8 నుంచి 10 మిల్లీమీటర్లు దాటితే సూది పరీక్ష. అంతకన్నా చిన్నదైతే చాలాసార్లు కొన్ని నెలలాగి మళ్ళీ కొలవడమే సరైన పని. 5 మిల్లీమీటర్ల గ్రంథి కోసం మచ్చ పడిన మెడను మళ్ళీ కోస్తే స్వరనాళపు నరానికి, పారాథైరాయిడ్లకు జరిగే నష్టం ఆ గ్రంథి చేసే నష్టాన్ని మించవచ్చు.

సూది పరీక్ష చేయించేటప్పుడు గట్టిగా అడగాల్సింది ఒకటుంది. సూదిని 1 మిల్లీలీటరు సెలైన్‌లో కడిగి, ఆ నీళ్ళలో థైరోగ్లోబులిన్ కొలవమనాలి. నీటి తిత్తిలా మారిన గ్రంథి నుంచి కణాలు సరిగా రాక "తేలలేదు" అని రిపోర్టు వచ్చిన చోట కూడా ఇది తేల్చేస్తుంది. 1 నానోగ్రాము లోపైతే ఊరట, 10 దాటితే క్యాన్సరే అన్నంత అనుమానం. ల్యాబ్‌కు ముందుగా చెప్పి విడి ట్యూబు సిద్ధం చేయించుకోవాలి. గాజు పలకల మీద పూత పూసేశాక గుర్తొస్తే మళ్ళీ గుచ్చాల్సిందే.

అయోడిన్ స్కాన్: శ్రమ ఎక్కువ, అందరికీ అక్కర్లేదు

ఒకప్పుడు ప్రతి ఏడాదీ అందరికీ చేసేవారు. ఇప్పుడు ఆ అలవాటు పోయింది, పోవడమే మంచిది. తక్కువ, మధ్యస్థ ప్రమాదస్థాయి ఉండి, థైరోగ్లోబులిన్ కనపడక, యాంటీబాడీ లేక, అల్ట్రాసౌండ్ శుభ్రంగా ఉన్నవాళ్ళకు దీన్ని రివాజుగా చేయనక్కర్లేదని 2015 మార్గదర్శకాలే చెప్పాయి. అయితే అయోడిన్ మందు మళ్ళీ పనిచేస్తుందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు దీనికి సాటి లేదు.

కణాలు అయోడిన్‌ను బాగా పీల్చుకుని స్కాన్ పనిచేయాలంటే టీఎస్‌హెచ్ 30 దాటాలి. దానికి రెండు దారులు. థైరాయిడ్ మాత్ర 3, 4 వారాలు ఆపడం ఒకటి. నీరసం, ముఖం ఉబ్బు, మలబద్ధకం, చలి, మతిమరుపు అన్నీ వస్తాయి, ఆఖరి వారంలో బండి నడపకపోవడం మంచిది. రెండోది థైరోట్రోపిన్ ఆల్ఫా ఇంజెక్షన్, అంటే బయట తయారుచేసిన టీఎస్‌హెచ్. వరుసగా రెండు రోజులు 0.9 మిల్లీగ్రాముల చొప్పున కండరానికి ఇస్తారు, మూడో రోజు అయోడిన్, అయిదో రోజు స్కాన్, థైరోగ్లోబులిన్ పరీక్ష. మాత్ర ఆపనక్కర్లేదు. ఖర్చు వల్ల, దొరకడంలో ఇబ్బంది వల్ల మన దగ్గర మాత్ర ఆపే పద్ధతే ఎక్కువ. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, బాగా వయసు మళ్ళినవాళ్ళు, డిప్రెషన్ ఉన్నవాళ్ళు మాత్రం ఇంజెక్షన్ గురించి తప్పకుండా అడగాలి.

స్కాన్‌కు ఇచ్చే అయోడిన్-131 సాధారణంగా 2 నుంచి 5 మిల్లీక్యూరీలు. ఎక్కువిస్తే, తర్వాత ఇవ్వబోయే చికిత్స మోతాదును కణాలు సరిగా పీల్చుకోలేని స్థితి రావచ్చు. చికిత్స ఇచ్చిన కొన్ని రోజులకు తీసే స్కాన్‌లో ఇంతకన్నా ఎక్కువ మచ్చలు కనపడటానికి కారణం మోతాదు తేడాయే. కాబట్టి ఎలాగూ చికిత్స ఇవ్వాలని నిర్ణయమైపోతే చాలాచోట్ల ఈ స్కాన్‌ను వదిలేసి నేరుగా చికిత్సకు వెళ్తారు.

ఒంట్లో మామూలు అయోడిన్ నిండి ఉంటే కణాలు స్కాన్ అయోడిన్‌ను సరిగా పీల్చుకోవు. అందుకని స్కాన్‌కు ముందు ఒకటి, రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి తినాలి, రోజుకు 50 మైక్రోగ్రాముల లోపు. మన వంటింట్లో ఇది ఉప్పు డబ్బాతో మొదలవుతుంది. ప్యాకెట్ మీద "అయోడైజ్డ్" అని ఉన్నదేదీ వద్దు. సైంధవ లవణమైనా కల్లుప్పైనా పేరు చూసి నమ్మకుండా లేబుల్ చదవాలి. పాలు, పెరుగు, మజ్జిగ, పనీర్, చేపలు, రొయ్యలు, ఎండుచేపలు, గుడ్డు పచ్చసొన, బేకరీ సరుకు, హోటల్ టిఫిన్లు, అయోడిన్ ఉప్పుతో పెట్టిన ఆవకాయ, కొన్న పచ్చళ్ళు, పొడులు ఆపాలి. అన్నం, కూరగాయలు, పళ్ళు, పాలు లేని టీ, కాఫీ, గుడ్డు తెల్లసొన, మితంగా పప్పు, తాజా కోడిమాంసం ఫర్వాలేదు. పెరుగన్నం లేకపోవడమే చాలామందికి అన్నిటికన్నా కష్టం. పోవిడోన్ అయోడిన్ పుక్కిలింత, గాయాల మందు, మల్టీవిటమిన్ కూడా లెక్కలోకి వస్తాయి. గుండెకు అమియోడరోన్ వాడుతుంటే దానిలోని అయోడిన్ నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. దాన్ని సొంతంగా ఆపకూడదు, స్కాన్ రాసిన డాక్టరుకు చెప్పాలి. ఉప్పు మొత్తానికే మానేయడమూ తప్పే. థైరాయిడ్ మాత్ర ఆపి ఉన్న పెద్దవాళ్ళలో సోడియం పడిపోయి ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. అయోడిన్ లేని ఉప్పు వాడాలి.

స్కాన్‌లో మెరిసిన ప్రతి చోటా జబ్బు ఉన్నట్టు కాదు. లాలాజల గ్రంథులు, జీర్ణాశయం, పేగులు, మూత్రాశయం మామూలుగానే మెరుస్తాయి. ఉమ్ము గానీ మూత్రం గానీ బట్టకు అంటినా మచ్చలా కనిపిస్తుంది. అనుమానం ఉన్న మచ్చకు స్పెక్ట్-సీటీ (అయోడిన్ స్కాన్ బొమ్మను సీటీ బొమ్మతో కలిపి చూపేది) కలిపి తీస్తే అది ఎముకలో ఉందా, బట్ట మీద ఉందా తేలిపోతుంది. స్కాన్ సెంటర్‌ను ఎంచుకునేటప్పుడు ఈ సౌకర్యం ఉందో లేదో అడగడం మేలు. హైదరాబాద్ నిమ్స్‌లోనూ, తిరుపతి స్విమ్స్‌లోనూ న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి.

పెట్-సీటీ: ఎప్పుడు దండగ, ఎప్పుడు అవసరం

క్యాన్సర్ కణం ముదిరి దూకుడు పెరిగేకొద్దీ అయోడిన్‌ను వదిలేసి చక్కెరను ఎక్కువగా తీసుకుంటుంది. పెట్ స్కాన్ ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక చక్కెరతో ఆ కణాలనే వెతుకుతుంది. కాబట్టి ఇది అయోడిన్ స్కాన్‌కు బదులుగా చేసేది కాదు, అది ఖాళీగా వచ్చాక చేసేది. థైరోగ్లోబులిన్ 10 నానోగ్రాములు దాటి, అయోడిన్ స్కాన్‌లో ఏమీ లేనప్పుడు దీని విలువ బాగా తెలుస్తుంది. ఆంకోసైటిక్, పూర్లీ డిఫరెన్షియేటెడ్ రకాల్లో ఇంకా ముందే రాస్తారు. థైరోగ్లోబులిన్ 1, 2 మధ్య ఉన్నవాళ్ళు సొంత ఖర్చుతో చేయించుకుంటే చాలాసార్లు ఏమీ కనపడదు. కనపడకపోవడం వల్ల జబ్బు లేదన్న భరోసా కూడా రాదు. డబ్బూ పోతుంది, అనుమానమూ మిగులుతుంది.

సిద్ధం కావడం తేలికే. 6 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. ముందురోజు జిమ్, బరువు పనులు వద్దు. రక్తంలో చక్కెర 200 దాటితే చాలాచోట్ల వాయిదా వేస్తారు. మెట్‌ఫార్మిన్ పేగుల్ని మెరిపిస్తుంది కాబట్టి 48 గంటల ముందు ఆపమనవచ్చు, షుగర్ డాక్టరును అడిగే ఆపాలి. ఇంజెక్షన్ తర్వాత గంటసేపు ఊరుకుని కూర్చోవాలి. ఫోన్ మాట్లాడితే, ఏదైనా నమిలితే గొంతు, దవడ కండరాలు మెరుస్తాయి. థైరాయిడ్ రోగికి సరిగ్గా అక్కడే స్పష్టత కావాలి.

మన దేశంలో దీనికున్న పెద్ద చిక్కు క్షయ. టీబీ గ్రంథి కూడా పెట్‌లో క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. ఆపరేషన్‌లో ఒకవైపు స్వరనాళపు నరం దెబ్బతిన్నవాళ్ళకు, పని ఎక్కువై రెండో వైపు స్వరతంత్రి మెరిసి భయపెడుతుంది. ఇటీవల భుజానికి టీకా వేయించుకుంటే ఆ వైపు చంకలో గ్రంథులు మెరవొచ్చు. అందుకని పెట్‌లో వెలుగును చూసి నేరుగా ఆపరేషన్‌కు వెళ్ళకూడదు, సూది అందే చోటైతే సూది పరీక్ష కావాలి.

బుకింగ్ రోజే అడగాల్సిన ప్రశ్న: సీటీ భాగం కాంట్రాస్ట్‌తోనా, లేకుండానా? కొన్ని సెంటర్లలో కాంట్రాస్ట్ మామూలు అలవాటు. ఆ మందులో అయోడిన్ ఉంటుంది, తర్వాత చేయాల్సిన అయోడిన్ స్కాన్‌కు అది అడ్డం.

సీటీ, ఎంఆర్ఐ

ఊపిరితిత్తుల మీద అనుమానం ఉంటే సన్నటి ముక్కలుగా తీసే ఛాతీ సీటీ, కాంట్రాస్ట్ లేకుండా. పెట్‌లో అందని కొన్ని మిల్లీమీటర్ల మచ్చలు ఇందులో దొరుకుతాయి. మెడలో గడ్డ పెద్దదై, శ్వాసనాళంలోకో అన్నవాహికలోకో పాకిందేమోనని సర్జన్‌కు అనుమానం ఉంటే కాంట్రాస్ట్ సీటీ తప్పదు. అయోడిన్ చికిత్స ఆలస్యమవుతుందని ఆపరేషన్ చేయబోయే మనిషికి కాంట్రాస్ట్ ఎగ్గొట్టడం తెలివైన పని కాదు. అయితే కాంట్రాస్ట్ తర్వాత అయోడిన్ స్కాన్‌కు గానీ చికిత్సకు గానీ 4 నుంచి 8 వారాలు ఆగాలి. సందేహం ఉంటే మూత్రంలో అయోడిన్ కొలిచి నిర్ణయిస్తారు. ఎంఆర్ఐలో వాడే గాడోలినియంలో అయోడిన్ ఉండదు, దానితో ఈ తగాదా లేదు. వెన్నునొప్పి, కాళ్ళలో తిమ్మిరి ఉంటే ముందు ఎంఆర్ఐ. థైరాయిడ్ క్యాన్సర్ ఎముకను తినేసే రకం కాబట్టి మామూలు టెక్నీషియం బోన్ స్కాన్ దాన్ని తరచూ తప్పిస్తుంది.

మెడులరీ అయితే

థైరోగ్లోబులిన్, అయోడిన్ స్కాన్ రెండూ పక్కన పెట్టాలి. చూడాల్సినవి ఈ క్యాన్సర్ కణాలు రక్తంలోకి వదిలే కాల్సిటోనిన్, సీఈఏ. కాల్సిటోనిన్ మిల్లీలీటరుకు 150 పికోగ్రాముల లోపుంటే జబ్బు చాలావరకు మెడలోనే ఉంటుంది, అల్ట్రాసౌండ్ జాగ్రత్తగా చేయించాలి. 150 దాటితే మెడ, ఛాతీ సీటీ, కాలేయానికి ఎంఆర్ఐ లేదా మూడు దశల కాంట్రాస్ట్ సీటీ, వెన్నెముక ఎంఆర్ఐ. చక్కెరకు బదులు వేరే రేడియోధార్మిక మందులతో తీసే గాలియం-68 డోటాటేట్ పెట్, ఫ్లోరిన్-18 డోపా పెట్ ఈ రకానికి పనికొచ్చేవి. కాల్సిటోనిన్ 6 నెలల లోపే రెట్టింపవుతుంటే త్వరపడాలి.

ఎవరికి ఏది

సగం గ్రంథి మాత్రమే తీసినవాళ్ళకు అల్ట్రాసౌండే ప్రధానం.

మొత్తం తీసి, అయోడిన్ తీసుకుని, అన్నీ బాగున్నవాళ్ళలో తిరగబెట్టే అవకాశం 1 నుంచి 4 శాతమే. వీళ్ళకు రక్తపరీక్ష, అప్పుడప్పుడు అల్ట్రాసౌండ్ చాలు. అమెరికాలో వేలమంది రోగుల రికార్డులు పరిశీలించి 2016లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, స్కాన్లు పెరిగేకొద్దీ తిరగబెట్టిందని చేసే చికిత్సలు పెరిగాయి. కానీ అయోడిన్ స్కాన్‌ను మినహాయిస్తే, క్యాన్సర్ మరణాలు తగ్గినట్టు స్పష్టంగా కనపడలేదు.

థైరోగ్లోబులిన్ 1 దాటి, అల్ట్రాసౌండ్ బాగున్నవాళ్ళది మనసుకు అన్నిటికన్నా కష్టమైన స్థితి. ఇలాంటివాళ్ళలో కనీసం 30 శాతం మందికి ఏ చికిత్సా లేకుండానే అంకె తగ్గిపోతుంది, దాదాపు 20 శాతం మందిలో తర్వాత జబ్బు కంటికి కనపడుతుంది. కాబట్టి 3 నుంచి 6 నెలల ఎడంతో రెండు మూడుసార్లు కొలిచి వేగం చూడాలి. నిలకడగా ఉంటే ఆగొచ్చు. ఏడాదిలోపే రెట్టింపవుతుంటే ముందు అనుభవజ్ఞుడి చేత మళ్ళీ అల్ట్రాసౌండ్, తర్వాత కాంట్రాస్ట్ లేని ఛాతీ సీటీ, తర్వాత అయోడిన్ స్కాన్, 10 దాటితే పెట్. కాంట్రాస్ట్ సీటీని ఈ వరుస మధ్యలో దూర్చితే అయోడిన్ స్కాన్ తప్పుగా ఖాళీగా వస్తుంది. "ఇది అయోడిన్‌కు లొంగని జబ్బు" అని ఫైల్లో పడిపోతుంది. ఆ మాట ఒకసారి పడితే చెరపడం కష్టం.

యాంటీబాడీ ఉన్నవాళ్ళకు థైరోగ్లోబులిన్ అంకె మీద నమ్మకం పెట్టుకోవడానికి లేదు. యాంటీబాడీ ఏటికేడు తగ్గుతుంటే మంచిదే. తగ్గినది మళ్ళీ పెరుగుతుంటే, థైరోగ్లోబులిన్ సున్నా ఉన్నా సరే, స్కాన్ల దారి పట్టాలి.

గర్భిణులకు అయోడిన్ స్కాన్ పూర్తిగా నిషిద్ధం, పెట్, సీటీ వాయిదా. అల్ట్రాసౌండ్‌తో ప్రసవం దాకా గడపొచ్చు. పాలిచ్చే తల్లులు అయోడిన్-131 తీసుకోవాలంటే కనీసం 6 వారాల ముందే పాలు మాన్పించాలి, ఆ బిడ్డకు మళ్ళీ ఇవ్వకూడదు. లేకపోతే అయోడిన్ రొమ్ముల్లో చేరుతుంది, పాల ద్వారా బిడ్డ థైరాయిడ్‌ను పాడుచేస్తుంది.

దూరం నుంచి నగరానికి వచ్చి చేయించుకునేవాళ్ళు ఆపరేషన్ నోటు, బయాప్సీ రిపోర్టు, పాత అయోడిన్ మోతాదు, తేదీలతో థైరోగ్లోబులిన్, యాంటీబాడీ, టీఎస్‌హెచ్ పట్టిక, చివరిసారి కాంట్రాస్ట్ ఎక్కించిన తేదీ వెంట తీసుకెళ్ళాలి. పాత స్కాన్ల రిపోర్టు కాగితాలే కాదు, బొమ్మలున్న సీడీలు కూడా కావాలి. రెండేళ్ళుగా 6 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిన గ్రంథికీ, ఆరు నెలల్లో 4 నుంచి 6కు పెరిగిన గ్రంథికీ తేడా వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.